పాత వ్యాన్‌ను క్యాంపర్‌గా కొంటున్నారా? ఇంజిన్ కంటే ముందు ఆర్సీ చూడండి

వీకెండ్‌కి అరకు, పండగ సెలవులకు హంపి, పిల్లల పరీక్షలు అయ్యాక గోవా. హోటల్ బుకింగ్ గొడవ లేకుండా, నచ్చిన చోట ఆగి, బండిలోనే పడుకుని, పొద్దున్నే టీ కాచుకుని బయల్దేరాలన్న కోరిక ఇప్పుడు చాలామందికి ఉంది. కొత్త క్యాంపర్ వ్యాన్ ధర విన్నాక మాత్రం చూపు సెకండ్ హ్యాండ్ వైపు మళ్లుతుంది.

యాప్‌లో వెతికితే ప్రకటనలు ఇలా ఉంటాయి: "టెంపో ట్రావెలర్. లోపల బెడ్, సోలార్, ఫ్రిజ్, స్టవ్ అన్నీ ఫిట్ చేశాం. సింగిల్ ఓనర్." ఫొటోలు బాగుంటాయి. ధర కూడా అందుబాటులోనే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ ఆ బండి ఆర్సీలో "మ్యాక్సీ క్యాబ్, సీట్లు 13" అని ఉంటే మీరు కొంటున్నది క్యాంపర్ కాదు, అనుమతి లేకుండా మార్చేసిన ట్యాక్సీ. ఈ సంగతి పేరు మార్పు రోజునో, ఫిట్‌నెస్ పరీక్ష రోజునో, లేదా ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టిన రోజునో బయటపడుతుంది. అప్పటికి అమ్మినవాళ్లు డబ్బు తీసుకుని వెళ్లిపోయి ఉంటారు.

కాబట్టి ఏ కంపెనీ బండి మంచిదన్న ప్రశ్న రెండోది. మొదటిది ఆర్సీలో ఏం రాసి ఉందన్నది. ఈ రెండూ ఒక్కొక్కటిగా చూద్దాం.

చట్టం దృష్టిలో క్యాంపర్ అంటే ఏంటి?

కేంద్ర ప్రభుత్వం వాహనాలను రెండు పెద్ద గుంపులుగా విడదీసింది. అద్దెకు, వ్యాపారానికి తిరిగేవి ట్రాన్స్‌పోర్ట్ వాహనాలు. సొంతానికి వాడుకునేవి నాన్-ట్రాన్స్‌పోర్ట్ వాహనాలు. మన వాడుకలో ఎల్లో బోర్డు, వైట్ బోర్డు. సొంత వాడకానికి ఉన్న క్యాంపర్ వ్యాన్ నాన్-ట్రాన్స్‌పోర్ట్ జాబితాలోనే ఉంది. వాహన్ డేటాబేస్‌లోనూ "క్యాంపర్ వ్యాన్ / ట్రైలర్ (ప్రైవేట్ యూజ్)", "మోటార్ కారవాన్" అని ప్రత్యేక తరగతులు ఉన్నాయి.

అంటే క్యాంపర్ వ్యాన్ మన దేశంలో చట్టబద్ధమే. అయితే ఆ పేరుతో రిజిస్టర్ కావాలంటే బండి ఏఐఎస్-124 అనే ప్రమాణాలకు తగ్గట్టు తయారై ఉండాలి. బెడ్, వంట ఏర్పాటు, కరెంటు వైరింగ్, అత్యవసరంగా బయటపడే దారి వంటివన్నీ చూసి పుణెలోని ఏఆర్ఏఐ లాంటి గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆ మోడల్‌కు సర్టిఫికెట్ ఇస్తుంది. దాని ఆధారంగానే ఆర్టీవో రిజిస్ట్రేషన్ చేస్తుంది. గ్యారేజీలో ప్లైవుడ్ కొట్టించి బెడ్ బిగించినంత మాత్రాన బండి క్యాంపర్ అయిపోదు.

మార్పులు చేస్తే ఏమవుతుంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీ సంస్థ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను గట్టిగా చెప్పింది. సెక్షన్ 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

జరిమానా కంటే పెద్ద దెబ్బ ఇన్సూరెన్స్‌లో తగులుతుంది. పాలసీ ఇచ్చింది 13 సీట్ల బండికి. కాలిపోయింది గ్యాస్ స్టవ్, లిథియం బ్యాటరీ ఉన్న బండి. అప్పుడు క్లెయిమ్‌ను తిరస్కరించడానికో, తగ్గించడానికో కంపెనీకి కారణం దొరికినట్టే.

ఆర్సీలో ఏయే గళ్లు చూడాలి?

అమ్మేవాళ్లను ఆర్సీ రెండు వైపులా ఫొటో తీసి పంపమనండి. పంపడానికి వెనకాడితే ఆ బండిని అక్కడితో వదిలేయండి. ఆర్సీ చేతికొచ్చాక ఇవి చూడండి.

• వెహికల్ క్లాస్: క్యాంపర్ వ్యాన్ అనో, మోటార్ కారవాన్ అనో ఉందా? మోటార్ కార్ అని ఉందా? మ్యాక్సీ క్యాబ్, బస్సు, గూడ్స్ క్యారియర్, అంబులెన్స్ అని ఉందా? మీ నిర్ణయంలో సగం ఈ ఒక్క గడిలోనే తేలిపోతుంది.

• సీటింగ్, స్లీపర్ కెపాసిటీ: లోపల రెండు బెర్తులు ఉండి, ఆర్సీలో స్లీపర్ దగ్గర సున్నా ఉంటే అవి తర్వాత బిగించినవని అర్థం. సీట్ల లెక్క కూడా లోపల ఉన్న సీట్లతో సరిపోవాలి.

• తయారీ నెల, సంవత్సరం: అమ్మేవాళ్లు తరచూ రిజిస్ట్రేషన్ సంవత్సరమే చెబుతారు. తయారీ తేదీ అంతకంటే ముందుది కావచ్చు.

• రిజిస్ట్రేషన్ గడువు: సొంత బండికి మొదట 15 ఏళ్లు. తర్వాత ఫిట్‌నెస్ చూపించి 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఎల్లో బోర్డు బండికి 8 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్ తప్పనిసరి.

• హైపోథికేషన్: ఈ గడిలో బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే అప్పు రికార్డు ఇంకా తొలగించలేదని అర్థం. "లోన్ ఎప్పుడో కట్టేశాం" అన్న మాట సరిపోదు. బ్యాంకు ఇచ్చే ఎన్వోసీ, ఫారం 35 కావాలి.

• ఛాసిస్, ఇంజిన్ నంబర్లు: ఆర్సీలో ఉన్నవీ బండి మీద చెక్కినవీ అక్షరం పొల్లు పోకుండా ఒకటే కావాలి. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీసుకోండి. గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు అనుమానం వస్తే అక్కడే ఆగండి.

ఆర్సీ కార్డులో ఉన్నది ఇవాళ్టి రికార్డు కాకపోవచ్చు. బండి నంబరును ఎం-పరివాహన్ యాప్‌లో, అలాగే మీ రాష్ట్ర రవాణా శాఖ పోర్టల్‌లో సరిచూసుకోండి. ట్రాఫిక్ చలాన్లు వేరే చోట ఉంటాయి. తెలంగాణ, ఏపీ పోలీసుల ఈ-చలాన్ సైట్లు రెండూ చూడండి. దొంగ బండేమో తెలుసుకోవడానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి వాహన సమన్వయ సేవలో వెతకొచ్చు.

నంబర్ ప్లేట్ చూసి రాష్ట్రాన్ని అంచనా వేయకండి. 2014కు ముందు హైదరాబాద్‌లో రిజిస్టర్ అయిన బళ్లకు ఏపీ 09, రంగారెడ్డిలో అయినవాటికి ఏపీ 28 నంబర్లే ఉండేవి. అవి ఇప్పుడు తెలంగాణ ఆర్టీవోల పరిధిలో ఉన్నాయి. ఆర్సీ మీద ఉన్న రిజిస్టరింగ్ అథారిటీ పేరే అసలు ఆధారం.

మార్కెట్లో దొరికేవి నాలుగు రకాలు

ఒకటి, క్యాంపర్‌గానే రిజిస్టర్ అయిన బండి. ఇవి తక్కువ, ధర ఎక్కువ. కానీ కాగితాల తలనొప్పి దాదాపు ఉండదు. పరీక్షా సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ కాపీ అడిగి తీసుకోండి.

రెండు, వైట్ బోర్డు కారు లేదా వ్యాన్. సీట్లు కదిలించకుండా, పడుకోవాలన్నప్పుడు పరుపు పరిచి, తర్వాత తీసేసే ఏర్పాటు చేసుకోవచ్చు. మొదటిసారి కొనేవాళ్లకు అన్నిటికంటే తేలికైన దారి ఇదే.

మూడు, ఎల్లో బోర్డు ట్రావెలర్, వింగర్. వీటిని సొంత వాడకానికి మార్చాలంటే పర్మిట్ సరెండర్ చేయాలి, ట్యాక్స్ బకాయిలు తీర్చాలి, ప్రైవేటు బండికి వర్తించే ట్యాక్స్ కట్టాలి, బండిని ఇన్‌స్పెక్షన్‌కు చూపించాలి. సీట్ల సంఖ్యను బట్టి ట్యాక్స్ లెక్క మారుతుంది. కాబట్టి బేరం కుదరక ముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి రాయించుకోండి. వీలైతే ఈ మార్పు అమ్మేవాళ్లే చేయించి ఇవ్వాలని షరతు పెట్టండి.

నాలుగు, పాత అంబులెన్సులు, స్కూల్ వ్యాన్లు. వేలంలో చవగ్గా వస్తాయి. పైకప్పు ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఆశ పుడుతుంది. కానీ వెహికల్ క్లాస్ మారే వరకు వాటిని సొంత బండిగా తిప్పలేరు. గతంలో ట్యాక్స్ మినహాయింపు పొంది ఉంటే ఆ భారం మీ మీద పడొచ్చు. ఆ క్లాస్ మార్పుకు ఒప్పుకుంటారో లేదో ఆర్టీవోలో తేల్చుకోకుండా వేలం పాట పాడకండి.

ఏ కంపెనీ బండి ఎవరికి?

మారుతి ఈకో

2010 నుంచి మార్కెట్లో ఉంది. పెట్రోల్, సీఎన్జీ రకాలు దొరుకుతాయి. స్లైడింగ్ డోర్లు, చదునైన నేల, చిన్న సైజు దీని బలం. ఏ ఊళ్లోనైనా మెకానిక్ దొరుకుతాడు, విడిభాగాలు చవక. బండి మొత్తం పొడవు 3.7 మీటర్ల లోపే కాబట్టి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారులాగే పెట్టుకోవచ్చు.

ఇబ్బంది ఏంటంటే ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. ఎండాకాలం ఆ వేడి కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. ఘాట్ రోడ్డులో సామాను నింపి ఏసీ వేస్తే బండి బరువుగా ఎక్కుతుంది. ఇద్దరికి సరిపోతుంది, నలుగురికి కాదు. ఈకో కార్గో రకం గూడ్స్ వాహనంగా రిజిస్టర్ అవుతుంది. లోపల జాగా ఎక్కువని దాన్ని కొంటే మళ్లీ క్లాస్ సమస్యే.

టయోటా ఇన్నోవా, కియా కార్నివాల్

ఇవి క్యాంపర్లు కావు. కానీ కాగితాల్లో "మోటార్ కార్" కావడమే వీటి పెద్ద లాభం. 2005లో వచ్చిన పాత ఇన్నోవా, 2016లో వచ్చిన క్రిస్టా రెండూ ఎక్కువ కిలోమీటర్లు తట్టుకుంటాయన్న పేరున్నవే. ఆ పేరు వల్లే సెకండ్ హ్యాండ్ ధర దిగదు. మొదట ట్యాక్సీగా తిరిగి తర్వాత వైట్ బోర్డుకు మారిన ఇన్నోవాలు చాలా ఉంటాయి. రిజిస్ట్రేషన్ చరిత్ర అడగండి.

కార్నివాల్ మన పెనుకొండ ప్లాంట్‌లోనే తయారై 2020లో మార్కెట్లోకి వచ్చింది. ఆ తరం అమ్మకాలు 2023లో ఆగిపోయాయి. స్లైడింగ్ డోర్లు, 5 మీటర్లు దాటిన పొడవు, శక్తిమంతమైన డీజిల్ ఇంజిన్ ఉన్నాయి. విడిభాగాలు మాత్రం ఖరీదు. రిపేరు వస్తే ఊళ్లో మెకానిక్ దగ్గర పని తెమలదు.

టాటా వింగర్

2007లో వచ్చింది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కావడంతో నేల ఎత్తు తక్కువ, పిల్లలు, పెద్దవాళ్లు ఎక్కడం తేలిక. నడపడం ట్రావెలర్ కంటే కారుకు దగ్గరగా ఉంటుంది. మట్టిదారిలో తడి ఎత్తు ఎక్కేటప్పుడు, వెనక బరువు ఎక్కువైతే ముందు చక్రాలు జారే అవకాశం ఉంది. పాతవి ఎక్కువగా స్టాఫ్ వ్యాన్లు, స్కూల్ వ్యాన్లు, అంబులెన్సులు. అంటే మళ్లీ ఆర్సీ గడి దగ్గరకే రావాలి.

ఫోర్స్ ట్రావెలర్, అర్బేనియా

మనందరం టెంపో ట్రావెలర్ అని పిలిచే బండి. బజాజ్ టెంపో కంపెనీయే 2005లో ఫోర్స్ మోటార్స్‌గా మారింది. మెర్సిడెస్ మూలాలున్న డీజిల్ ఇంజిన్, వెనక చక్రాల డ్రైవ్, గట్టి సస్పెన్షన్. మన దేశంలో కారవాన్లు ఎక్కువగా ఈ బండి మీదే కడతారు. తిరుపతి, శ్రీశైలం, శబరిమల రూట్లలో ఏళ్లుగా తిరుగుతున్న బండి కాబట్టి హైవే పక్క ఏ టౌన్‌లోనైనా దీని పని తెలిసినవాళ్లు ఉంటారు.

ట్రావెల్స్‌లో వాడిన బండి మీటర్ రీడింగ్‌ను నమ్మకండి. గతుకుల్లో కుదుపు ఎక్కువ. సిటీలో పార్కింగ్ కష్టం, హైరూఫ్ బండి చాలా సెల్లార్లలోకి దిగదు, ఎత్తు కమ్మీలు పెట్టిన రైల్వే అండర్ బ్రిడ్జిల దగ్గర జాగ్రత్త పడాలి. మినీ బస్సు తరగతిలో ఉంటే టోల్ కూడా కారు కంటే ఎక్కువ.

అర్బేనియా 2022 చివర్లో వచ్చింది. ట్రావెలర్ కంటే సౌకర్యం, భద్రత బాగా మెరుగు. కొత్త మోడల్ కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో తక్కువగా దొరుకుతుంది, ధర దిగలేదు.

ఇసుజు వి-క్రాస్

తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే పికప్. వైట్ బోర్డు మీద సొంతానికి రిజిస్టర్ చేసుకోవచ్చు. పైన మడిచే టెంట్ పెట్టుకుని అడవి దారుల్లో తిరగాలనుకునేవాళ్లకు నచ్చుతుంది. వెనక తొట్టి మీద శాశ్వతంగా గది కట్టిస్తే అది మార్పు కిందకే వస్తుంది. సర్వీస్ సెంటర్లు తక్కువ.

పేరు చూసి మోసపోకండి

మహీంద్రా బొలెరో క్యాంపర్ పేరులో క్యాంపర్ ఉంది కానీ అది రెండు వరసల సీట్లున్న పికప్, గూడ్స్ బండి. క్యాంపర్ అని వెతికితే యాప్‌లలో ముందుగా ఇదే వస్తుంది. దీనికీ పడుకునే వ్యాన్‌కూ సంబంధం లేదు.

క్లుప్తంగా చెప్పాలంటే, ఇద్దరు కలిసి నెలకో ట్రిప్ వేస్తే ఈకో. రోజూ ఆఫీసుకూ, అప్పుడప్పుడూ టూర్‌కూ ఒకటే బండి కావాలంటే ఇన్నోవా. నలుగురి కుటుంబం, నెలలో వారం రోజులు రోడ్డు మీదే, పార్కింగ్‌కు సొంత స్థలం ఉంటే క్యాంపర్‌గా రిజిస్టర్ అయిన ట్రావెలర్.

నిర్ణయానికి ముందు బండిలోకి ఎక్కి నిజంగా పడుకుని చూడండి. ఐదున్నర అడుగుల మనిషికి కాళ్లు చాపే చోటుందో లేదో ఫొటోలో తెలియదు. ఇంకా మంచిది, అలాంటి బండినే రెండు రాత్రులు అద్దెకు తీసుకోవడం. ఆ అద్దె తప్పుడు బండి కొనడం కంటే చవక.

లైసెన్స్ ఏది కావాలి?

ఆర్సీలో గ్రాస్ వెహికల్ వెయిట్ 7,500 కిలోలు దాటకపోతే మీ దగ్గరున్న ఎల్ఎంవీ లైసెన్స్ చాలు. ఎల్ఎంవీ లైసెన్స్‌తో ఈ బరువు లోపు ట్రాన్స్‌పోర్ట్ వాహనం కూడా నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. అయితే వైట్ బోర్డు క్యాంపర్‌ను ఇతరులకు అద్దెకు ఇవ్వడం పర్మిట్ లేకుండా కుదరదు. "వాడనప్పుడు అద్దెకిచ్చి ఈఎంఐ రాబట్టుకోవచ్చు" అన్న మాట నమ్మి బడ్జెట్ వేసుకోకండి.

బండి దగ్గరకు వెళ్లినప్పుడు

పగలు వెళ్లండి. వాన పడుతున్నప్పుడో, కడిగిన వెంటనేనో చూడకండి. తడిలో గీతలు, పెయింట్ తేడాలు కనిపించవు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. "మీరొస్తున్నారని వేడి చేసి పెట్టాం" అంటే ఇంకో గంట ఆగండి.

తుప్పు: విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్ర తీర ఊళ్లలో తిరిగిన బండికి కింద భాగం ముఖ్యం. ఛాసిస్ కమ్మీలు, డోర్ల అడుగు అంచులు, స్లైడింగ్ డోర్ పట్టాలు చూడండి. కొత్తగా నల్ల పెయింట్ కొట్టి ఉంటే స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టి చూడండి.

వరద నీళ్లు: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో విజయవాడలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. మునిగిన బళ్లు బాగుచేసి అమ్మకానికి వస్తుంటాయి. సీట్ బెల్టును చివరి వరకు లాగి బురద మరక ఉందేమో చూడండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. ఫ్యూజ్ బాక్స్‌లో పచ్చటి పూత, సీట్ల కింద బోల్టులకు తుప్పు ఉంటే వద్దనుకోండి.

బీఎస్-6 డీజిల్: 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన డీజిల్ బళ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. సిటీలో చిన్న చిన్న ట్రిప్పులే తిరిగిన బండిలో అది త్వరగా పూడుకుపోతుంది. డ్యాష్‌బోర్డులో వార్నింగ్ లైట్ వెలుగుతోందా, స్కానర్ పెడితే పాత ఎర్రర్లు ఉన్నాయా చూడమని మెకానిక్‌కు చెప్పండి.

నో క్లెయిమ్ బోనస్: పాత ఇన్సూరెన్స్ పాలసీలో దీని శాతం చూడండి. ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, ఐదేళ్లు లేకపోతే 50 శాతం. బండి ఐదేళ్ల పాతదై ఉండి బోనస్ సున్నా అని ఉంటే ఈ మధ్యే క్లెయిమ్ జరిగి ఉండొచ్చు. ఎందుకో అడగండి.

చివరగా నలుగురిని ఎక్కించుకుని 20 కిలోమీటర్లు నడపండి. ఖాళీ బండి బాగానే పోతుంది, బరువుతో ఎలా ఉందో అదే అసలు పరీక్ష.

గ్యాస్, కరెంటు, గాలి: ఇక్కడ రాజీ వద్దు

2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని నిపుణుల పరిశీలనలో తేలింది. ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. నిద్రలో ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు.

కాబట్టి బండి నేలలో వైర్ల కోసం, పైపుల కోసం చేసిన రంధ్రాలు మూసి ఉన్నాయో లేదో చూడండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం కొని పెట్టుకోండి. జనరేటర్ గానీ, ఇంజిన్ గానీ ఆన్‌లో ఉంచి లోపల తలుపులు మూసుకుని పడుకోవద్దు. మూసిన బండిలో స్టవ్ వెలిగించవద్దు, వంట బయట చేసుకోండి. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్‌ను బండిలో బిగించడం చట్టరీత్యా తప్పు, ప్రమాదం కూడా. బయట వంటకు పెట్రోల్ బంకుల్లో దొరికే 5 కిలోల చిన్న సిలిండర్ తీసుకుని, నిలబెట్టి కట్టి తీసుకెళ్లండి.

అదనపు బ్యాటరీ, ఇన్వర్టర్ ఉంటే ప్రతి లైనుకూ ఫ్యూజ్ ఉందా, వైర్లు సీట్ల కింద నలుగుతున్నాయా అన్నది ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. అగ్నిమాపక సిలిండర్ మంచం కింద కాదు, తలుపు పక్కన ఉండాలి.

వేరే రాష్ట్రం బండి చవగ్గా వస్తే?

ఢిల్లీ ప్రాంతంలో పాత డీజిల్ వాహనాల మీద ఏళ్లుగా ఉన్న ఆంక్షల వల్ల అక్కడి బళ్లు తక్కువ ధరకు వస్తుంటాయి. ధర ఒక్కటే చూడకండి. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్వోసీ కావాలి. 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. అక్కడ కట్టిన ట్యాక్స్ వాపసు కోసం అక్కడే దరఖాస్తు చేసుకోవాలి, అది పాత యజమాని పేరు మీద ఉంటుంది. ఈ ఖర్చులన్నీ కలిపితే తేడా ఎంత మిగులుతుందో లెక్క వేసుకోండి. మార్పులు చేసిన బండి అయితే ఇక్కడి ఇన్‌స్పెక్షన్‌లో ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది.

పేరు మార్పు ఎలా?

• ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 మీద అమ్మేవాళ్లు, కొనేవాళ్లు సంతకాలు చేయాలి. వివరాలు నింపని ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకోవద్దు, ఇవ్వద్దు.

• అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అయితే 45 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి.

• ఆర్సీ, చెల్లుబాటులో ఉన్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, చిరునామా ఆధారం దగ్గర పెట్టుకుని ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, ఫీజు కట్టి, స్లాట్ తీసుకోవాలి.

• యజమాని చనిపోయి ఉంటే ఫారం 31 మీద ముందు వారసుల పేరుకు మారాలి. వారసులలో ఒకరు సంతకం పెడితే చాలనుకోకండి.

• డీలర్ దగ్గర కొంటే ఆర్టీవో ఇచ్చిన ఆథరైజేషన్ సర్టిఫికెట్ అడగండి. 2023 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం పాత బళ్లు అమ్మే డీలర్‌కు అది ఉండాలి, యజమాని బండి అప్పగించినట్టు ఫారం 29సి ద్వారా నమోదు కావాలి.

పేరు మార్పు ఆలస్యం అమ్మినవాళ్లకూ ముప్పే. ఆర్టీవో రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ప్రమాద పరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట గుర్తు చేస్తే చాలామంది వెంటనే ఆర్టీవోకు వస్తారు.

ఇన్సూరెన్స్ వెంటనే మీ పేరుకు మార్చుకోండి

పేరు మార్పు కోసం బీమా కంపెనీకి 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటు మీకు వస్తుంది. మీ బండికి జరిగే నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ మాత్రం పాలసీ మీ పేరుకు మారితేనే మీది. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ ఆయనకే ఉంటుంది, మీకు రాదు. లోపల బిగించిన ఫ్రిజ్, బ్యాటరీ, సోలార్ వంటివి పాలసీలో చేర్చారో లేదో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. పాత ఫాస్టాగ్ మూసేయించి మీ పేరు మీద కొత్తది తీసుకోండి.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి?

అడ్వాన్సుగా చిన్న మొత్తం ఇచ్చి రసీదు తీసుకోండి. అందులో బండి నంబరు, ఛాసిస్ నంబరు, మొత్తం ధర, "పేరు మార్పు జరగకపోతే అడ్వాన్సు వాపసు" అన్న షరతు రాయించండి. క్లాస్ మార్పు, లోన్ క్లియరెన్స్ లాంటివి పెండింగులో ఉంటే అవి పూర్తయ్యాకే పెద్ద మొత్తం ఇవ్వండి. బ్యాంకు ద్వారానే చెల్లించండి, అది కూడా ఆర్సీలో ఉన్న పేరున్న ఖాతాకే. మధ్యవర్తి ఖాతాకు వేయమంటే ఎందుకని అడగండి.

అనుమానం ఉంటే ఒక పని చేయండి. ఆర్సీ ఫొటో, బండి లోపలి ఫొటోలు పట్టుకుని మీ ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను నేరుగా అడగండి: "ఈ బండి ఇలా ఉంటే నా పేరుకు మారుతుందా? ఫిట్‌నెస్ వస్తుందా?" ఒక్క పూట పని. ఆయన కాదంటే అడ్వాన్సు కూడా ఇవ్వకుండా బయటపడతారు. అవునంటే అప్పుడు ఇంజిన్ గురించి, మైలేజీ గురించి, ధర గురించి నిశ్చింతగా బేరమాడండి.